షాక్ ఇస్తే లేచి కూర్చుంటారా? తెర మీద ఆస్పత్రి గురించి ఒక నర్సు ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో ఉత్తరాల పేజీలో కొన్ని వారాలుగా సినిమాలు, టీవీ సీరియళ్ల మీద నడుస్తున్న చర్చ చదువుతున్నా. ఒకరేమో సినిమాల వల్లే జనం చెడిపోతున్నారు అని రాశారు, ఇంకొకరు అదేం లేదండీ సమాజంలో ఉన్నదే తెర మీద చూపిస్తారు, అది అద్దం, అద్దాన్ని తిట్టి ఏం లాభం అని రాశారు. రెండూ చదివాక నాకు తెలిసిన సంగతి కూడా చెప్పాలనిపించింది. నేను ఐసీయూలో నర్సుని, పద్దెనిమిదేళ్లుగా అదే పని. సినిమా మనుషుల మనసులో ఏం నాటుతుందో నాకు ఎక్కడో చదివి తెలియలేదు, ఐసీయూ తలుపు తీసుకుని బయటికొచ్చిన ప్రతిసారీ అక్కడ కూర్చున్న వాళ్ల మొహాల్లో, వాళ్లు అడిగే ప్రశ్నల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఉత్తరం కాస్త పొడుగైంది, వీలైతే మొత్తం వేయండి.

మా ఐసీయూ బయట వెయిటింగ్ హాల్లో గోడకి ఒక టీవీ ఉంది. సౌండ్ తగ్గించి పెడతారు, సాయంత్రం నుంచి రాత్రి పడుకునే దాకా సీరియళ్లు నడుస్తూనే ఉంటాయి. ఒకరోజు పేషెంట్ తాలూకు వాళ్లని పిలవడానికి బయటికొస్తే టీవీలో కూడా ఐసీయూనే నడుస్తోంది. మంచం మీద ఒకమ్మాయి, తలకి తెల్లటి కట్టు, కట్టు మీద ఒకే ఒక్క గుండ్రటి ఎర్ర మచ్చ, జుట్టు చక్కగా దువ్వి దిండు మీద రెండు వైపులా పరిచారు, పెదాలకి రంగుంది, ఆక్సిజన్ మాస్క్ వదులుగా ముక్కు మీద ఆనించి ఉంది. తల్లి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తుంటే ముందు వేలు కదిలింది, తర్వాత మానిటర్లో గీత లేచింది, మ్యూజిక్ మొదలైంది. హాల్లో ఉన్న పదిహేను ఇరవై మందీ తలెత్తి అటే చూస్తున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా కాలక్షేపానికి చూడట్లేదండీ. వాళ్ల మనిషి లోపల అలాగే పడుకుని ఉన్నాడు, వాళ్లని లోపలికి పంపేది రోజుకి రెండుసార్లు, అది కూడా కొద్ది నిమిషాలే, మిగతా రోజంతా ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో వాళ్లకి చూపించేది ఆ టీవీ ఒక్కటే.

ఆ హాల్లోనే కొన్నేళ్ల కిందట జరిగిన ఒక సంగతి చెప్తా, పేరూ వివరాలూ ఏమీ చెప్పను. బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలిన కుర్రాడు, ఇరవై దాటి రెండు మూడేళ్లు ఉంటాయేమో, మా దగ్గర కోమాలో ఉండి అప్పటికి పంతొమ్మిది రోజులు. వాళ్లమ్మ విజిటింగ్ టైమ్‌కి వచ్చి చెవి దగ్గర వంగి చిన్నప్పటి కబుర్లు చెప్తుండేది. ఆరోజు అలా చెప్తూ ఉండగా కుర్రాడి ఎడమ కంటి కొస నుంచి ఒక చుక్క జారి చెవి వైపు వెళ్లింది. ఆవిడ చటుక్కున లేచి నా రెండు చేతులూ పట్టేసుకుని "విన్నాడు సిస్టర్, నా బిడ్డ విన్నాడు, ఏడుస్తున్నాడు చూడండి" అని నన్ను ఊపేసింది, నేను నోరు తెరిచే లోపే బయటికి పరిగెత్తి అందరికీ చెప్పేసింది, హాల్లో వాళ్లంతా లేచి ఆవిడ్ని పట్టుకుని ఏడ్చారు, పక్క బెడ్ పేషెంట్ భార్య కూడా, వాళ్లాయనకి కూడా అలాగే అవుతుందని కాబోలు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఎందుకంటే కోమాలో ఉన్న చాలామందికి కనురెప్పలు పూర్తిగా మూసుకోవు, సన్నటి సందు ఉండిపోతుంది, రెప్ప ఆర్పడం ఉండదు కాబట్టి కన్ను ఎండిపోయి మండి నీరు కారుతుంది. అందుకే మేము కొన్ని గంటలకోసారి కంట్లో ఆయింట్‌మెంట్ వేసి, రెప్పలు మూసి పైన టేపు వేస్తాం. ఆరోజు తల్లి వస్తుంది, బిడ్డ మొహం మొహంలా కనపడాలి కదా అని ఆ టేపు తీసింది నేనే.

డాక్టర్ గారు ఆవిడ్ని కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పారు. ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది చెప్పండి, మూసిన కళ్ల నుంచి కన్నీటి చుక్క జారిందంటే దానర్థం ఏంటో ఆవిడ జీవితమంతా తెర మీద చూస్తూనే వచ్చింది, దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఆ తర్వాత నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదు, మెడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి ట్రాకియాస్టమీ చేద్దాం, సంతకం పెట్టండి అంటే పది రోజులు పెట్టలేదు, రేపో మాపో లేస్తాడు కదా గొంతు కోయడం దేనికి అనేది. అబద్ధపు ఆశ అంటే ఏదో మనసుకి సంబంధించిన విషయం అనుకుంటారు గానీ ఆ పది రోజులు ఆ కుర్రాడి గొంతు మీద పడ్డాయి. అతను బతికాడు, రెండు నెలల తర్వాత వీల్‌చైర్లో వెళ్లాడు, మాట రాలేదు. వెళ్లేటప్పుడు ఆవిడ "నన్ను గుర్తుపడుతున్నాడంటారా సిస్టర్" అని అడిగింది. నేను గుర్తుపడుతున్నాడనే అన్నా, అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు అని తర్వాత తెలిసింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో పనిచేసే ఎల్కో విజ్‌డిక్స్ అనే న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు, 1970 నుంచి 2004 దాకా వచ్చిన సినిమాల్లో కోమా చూపించిన 30 సినిమాలు తీసుకుని ఒక్కొక్కటీ చూశారు, 2006లో న్యూరాలజీ పత్రికలో అచ్చయింది. ఆ 30లో కోమాని ఓ మాదిరిగా సరిగ్గా చూపించినవి రెండంటే రెండే. మిగతా వాటిలో పేషెంట్ కండ పట్టి నిద్రపోతున్నట్టు ఉంటాడు, ముక్కులో ఫీడింగ్ ట్యూబ్ ఉండదు, చేతులూ కాళ్లూ బిగుసుకుపోవడం ఉండదు, నెలలు గడిచాక కూడా కళ్లు తెరిచిన నిమిషానికే మాట్లాడతాడు. ఆ సీన్లు 72 మంది మామూలు జనానికి చూపిస్తే, వాళ్లలో 28 మంది రేపు మా ఇంట్లో వాళ్లకి ఇలా అయితే నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ సీన్ల ప్రభావం మా మీద ఉండొచ్చు అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్న వాళ్లు ఇంతమంది, తెలియకుండా లోపల పెట్టుకున్నవాళ్లు ఎంతమందో!

ఇంక షాక్ సంగతి. పద్దెనిమిదేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న "షాక్ ఎందుకు ఇవ్వలేదు?" మానిటర్ మీద గీత తిన్నగా అయిపోతుంది, కూ... అని సౌండ్ వస్తుంది, హీరో లేదా డాక్టర్ షాక్ ఇచ్చే రెండు ప్యాడిల్స్ రుద్ది ఛాతీ మీద పెడితే పేషెంట్ జానెడు ఎత్తు లేచి పడతాడు, మూడోసారికి గీత మళ్లీ కొట్టుకుంటుంది. ఇది ఎన్ని సినిమాల్లో చూశారో లెక్కే లేదు. కానీ గీత తిన్నగా ఉందంటే గుండెలో కరెంట్ అసలు లేనట్టు, అప్పుడు షాక్ ఇచ్చినా ఉపయోగం లేదు, ఛాతీ నొక్కాలి, మందు ఇవ్వాలి, ఎందుకాగిందో వెతకాలి. షాక్ పనికొచ్చేది గుండె పిచ్చిపిచ్చిగా వణుకుతున్నప్పుడు, అప్పుడు గీత తిన్నగా ఉండదు, చిన్నపిల్లలు పెన్సిల్‌తో గీకేసినట్టు వంకరటింకరగా ఉంటుంది. షాక్ ఇచ్చేది ఆ గందరగోళాన్ని ఒక్క క్షణం ఆపడానికి, ఆగితే గుండె తన లయ తను అందుకుంటుందని. అంటే సినిమా చూపించేది దాదాపు తిరగబడిన పాఠం. ఇది ఇంత చిన్న విషయమా అనుకోవచ్చు మీరు. తండ్రి పోయిన కొడుక్కి ఇది చిన్న విషయం కాదు, వాడి దృష్టిలో మేము చేయగలిగిన పని చేయకుండా చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్లం, ఆ అనుమానం మనసులో పెట్టుకుని ఎన్నేళ్లు బతుకుతాడో ఆలోచించండి.

సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం, అది కూడా అంతే. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కొందరు డాక్టర్లు అమెరికా టీవీలో బాగా నడుస్తున్న మూడు ప్రోగ్రాముల ఎపిసోడ్లు 97 చూసి లెక్క రాశారు. వాటిలో 60 సార్లు సీపీఆర్ చేస్తే 75 శాతం మంది అప్పటికప్పుడు బతికేశారు, 67 శాతం మంది ఇంటికెళ్లేంత బాగైనట్టు చూపించారు. నిజానికి ఆస్పత్రి లోపల గుండె ఆగినవాళ్లలో ఇంటికి వెళ్లేది ఇంచుమించు అయిదుగురిలో ఒకరు, ఆస్పత్రి బయట ఆగితే చాలాచోట్ల పదిమందిలో ఒకరు కూడా కష్టమే. పైగా ఆ ప్రోగ్రాముల్లో గుండె ఆగిన వాళ్లలో ఎక్కువ మంది పిల్లలూ కుర్రవాళ్లే, మాకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పెద్దవాళ్లు, పది జబ్బులతో అలిసిపోయిన ఒళ్లు. తొంభై ఏళ్ల ముసలావిడకి, ఒళ్లంతా క్యాన్సర్ పాకినావిడకి "గుండె ఆగితే నొక్కాలా వద్దా" అని డాక్టర్ గారు ఇంట్లో వాళ్లని అడిగితే వాళ్లు ఆ 67 శాతం మనసులో పెట్టుకునే జవాబు చెప్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ అయిదారు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి, పెద్దవాళ్లకి పక్కటెముకలు విరగడం మామూలే, ఆ విరిగేది మా అరచేతికి తెలుస్తుంది. ఆ తెలియడం ఏ సినిమాలోనూ లేదు.

నటుల చేత మోచేతులు వంచి ఉత్తుత్తిగా నొక్కిస్తారని నేను తప్పుపట్టను, బతికున్న మనిషి ఛాతీ నిజంగా నొక్కితే ప్రమాదం, అది నాకు తెలుసు. కెమెరా పైన పెట్టి భుజాలు, మొహం చూపించొచ్చు, బొమ్మ వాడొచ్చు, చేయాలనుకుంటే దారులున్నాయి. అసలు నేను నాటకీయత తగ్గించమని అడగట్లేదండీ, నిజంగా జరిగే దానిలో ఉన్నంత ఉత్కంఠ ఏ మ్యూజిక్‌తోనూ రాదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారుతూ ఇరవై నిమిషాలు, అరగంట నొక్కుతాం, ఎవరూ అరవరు, ఒకళ్లు గడియారం చూస్తూ టైమ్ చెప్తుంటారు, చెమట పేషెంట్ మీద పడకుండా భుజానికి తుడుచుకుంటాం, పల్స్ చూడ్డానికి ఆగిన ఆ కొద్ది సెకన్లు గదిలో ఊపిరి కూడా వినపడదు.

ఆ నిజం ఒక్కసారి ప్రపంచమంతా చూసింది. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో యూరో ఫుట్‌బాల్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే కుప్పకూలిపోయాడు, గుండె ఆగిపోయింది, గ్రౌండ్‌లోనే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. అప్పుడు తోటి ఆటగాళ్లు చుట్టూ గుండ్రంగా నిలబడి, వీపులు అతని వైపు, మొహాలు బయటికి పెట్టి కెమెరాలకి కనపడకుండా దాచారు. కెమెరాలు మాత్రం వాళ్ల సందుల్లోంచి వెతుకుతూనే ఉన్నాయి, ఆ తర్వాత దానికి చాలా విమర్శలు కూడా వచ్చాయి. ఆ ఆటగాళ్లు చేసిన పనిని మేము వార్డులో రోజూ కర్టెన్ లాగి చేస్తాం. ఎంత చూపించాలి, ఎక్కడ కర్టెన్ లాగాలి అనేది ఆ కుర్రాళ్లకి ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

ఇప్పుడు అద్దం మాటకొస్తా. అద్దం అంటే ఎదురుగా ఉన్నదాన్ని చూపించాలి కదా. మరి ఈ సీన్లు రాసేవాళ్ల ఎదురుగా ఉన్నది ఆస్పత్రి కాదు, ముందొచ్చిన సినిమాలు. వాటిని చూసి ఇవి రాస్తారు, వీటిని చూసి రేపు ఇంకొకరు రాస్తారు, అలా నలభై యాభై ఏళ్లుగా ఒక ఆస్పత్రి తెర మీదే పుట్టి తెర మీదే పెరిగింది, అలాంటి ఆస్పత్రి భూమ్మీద ఎక్కడా లేదు. విచిత్రం ఏంటంటే చివరికి అసలు ఆస్పత్రిలో మనుషులు ఆ తెర మీద ఆస్పత్రిలో లాగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. డాక్టర్ ఆపరేషన్ థియేటర్ తలుపు తీసి మాస్క్ కిందకి లాగితే చాలు, ఆయన ఒక్క మాట చెప్పకముందే ఆడవాళ్లు గుండెలు బాదుకోవడం నేను ఎన్నోసార్లు చూశా, ఎందుకంటే సినిమాలో మాస్క్ తీశారంటే తర్వాత మాట "సారీ" అని అందరికీ తెలుసు. మాతో పనిచేసే ఒక సర్జన్ గారు అందుకే ఆపరేషన్ బాగా జరిగిన రోజు కూడా హాల్లోకి వచ్చి నిలబడరు, ముందు నన్నో ఇంకో సిస్టర్‌నో పంపి వాళ్లని లోపల గదిలోకి పిలిపించి, అందరూ కూర్చున్నాక తను కూర్చుని అప్పుడు చెప్తారు. "ఎంత ఖర్చయినా పర్లేదు డాక్టర్" అనే మాట అప్పులో మునిగిపోయిన మనిషి నోట్లోంచి కూడా వస్తుంది, అది అతని మాట కాదు, అలాంటప్పుడు అనాల్సిన మాట అదేనని ఎక్కడో నేర్చుకున్నాడు, అనకపోతే ప్రేమ లేనట్టు అవుతుందని భయం. డాక్టర్ కాలర్ పట్టుకోవడం కూడా అలా నేర్చుకున్నదే, తెర మీద హీరో ఆ పని చేస్తే చప్పట్లు పడతాయి. మా దగ్గర పీజీ చదివే అమ్మాయిని ఒకాయన అలాగే పట్టుకుంటే ఆ పిల్ల వారం రోజులు డ్యూటీకి రాలేకపోయింది. ఆ మనిషి ఆ తర్వాత వచ్చి ఏడుస్తూ క్షమాపణ అడిగాడు, చెడ్డవాడేం కాదు.

అలాగని సినిమాలు, సీరియళ్లు చెడగొడతాయి అని రాసినాయనతో కూడా నేను ఒప్పుకోను. మంచి కూడా అదే దారిలో వస్తుంది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి నడుస్తున్న కొరొనేషన్ స్ట్రీట్ అనే సీరియల్లో 2001లో ఒక పాత్ర సర్వైకల్ క్యాన్సర్‌తో, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయినట్టు చూపించారు, ఆ తర్వాత 19 వారాల్లో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో ఆ క్యాన్సర్‌ని ముందే పట్టే పాప్ స్మియర్ పరీక్షలు 21 శాతం పెరిగాయి, దాదాపు 14,000 పరీక్షలు ఎక్కువ. అందులో నిజంగా పరీక్ష ఎగ్గొట్టి ఆలస్యం చేసిన వాళ్లు తక్కువే, చాలామంది ఇంకా టైమ్ కాకుండానే కంగారుపడి వచ్చినవాళ్లు, అంటే భయం పనిచేసింది గానీ సమాచారం పూర్తిగా చేరలేదు. అమెరికాలో కేటీ కౌరిక్ అనే టీవీ యాంకర్ సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. ఆవిడ భర్త 1998లో పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు, 2000 మార్చిలో ఆవిడ తన కొలొనోస్కోపీనే, అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షనే టీవీలో చూపించారు, ఆ తర్వాత నెలల్లో ఆ పరీక్ష చేయించుకునే వాళ్లు సుమారు 20 శాతం పెరిగారు. సిగ్గుపడి దాచుకునే పరీక్షని ఒక మనిషి అందరి ముందూ చేయించుకుంటే లక్షలమందికి ఆ సిగ్గు పోయింది.

ఇంకోటి చెప్తా, ఇది ఒక్క డైలాగ్ కథ. 1988 చివర్లో హార్వర్డ్ స్కూల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో జే విన్‌స్టన్ అనే ఆయన హాలీవుడ్ టీవీ రచయితల దగ్గరికి వెళ్లి, మీ కథలేమీ మార్చొద్దు, తాగే సీన్ ఉన్నచోట "ఈరోజు బండి నడిపేది నేను, నేను తాగను" అని ఒక పాత్రతో ఒక్క మాట అనిపించండి చాలు అని అడిగారు. నాలుగేళ్లలో 160కి పైగా ప్రోగ్రాముల్లో ఆ మాట ఏదో ఒక రూపంలో వచ్చింది, అలా తాగకుండా బండి నడిపే మనిషిని పిలిచే డిజిగ్నేటెడ్ డ్రైవర్ అనే పదం 1991లో డిక్షనరీకి ఎక్కింది. నాకు దీనిలో కనిపించేది ఒక్కటే, మంచి జరిగినప్పుడు మా సీరియల్ వల్లే జరిగింది అని చెప్పుకునే శక్తి ఉన్నవాళ్లు, చెడు జరిగినప్పుడు మాది వినోదం మాత్రమే అంటే ఎలా కుదురుతుంది. సిగరెట్ సంగతి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు, సినిమాల్లో పొగతాగడం చూడటం వల్ల పిల్లలు మొదలుపెడుతున్నారని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద డాక్టరైన సర్జన్ జనరల్ 2012 రిపోర్టులోనే తేల్చి చెప్పారు, ఆ పిల్లలు యాభై అరవై ఏళ్లకి ఊపిరి అందక మా దగ్గరికే వస్తారు.

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్న విషయం ఒకటుంది. ఆత్మహత్యాయత్నం చేసుకుని బతికి మా ఐసీయూకి వచ్చేవాళ్లు. వాళ్లని నేను చూసినంత దగ్గరగా ఆ సీన్లు రాసేవాళ్లు చూసి ఉండరు. తెర మీద అది ఒక అందమైన ముగింపు, పాట వస్తుంది, ఉత్తరం చదువుతారు, బాధపెట్టినవాళ్లు పశ్చాత్తాపంతో కుమిలిపోతారు. మా దగ్గర స్పృహ వచ్చాక చాలామంది ముందు అడిగేది "నేను బతుకుతానా సిస్టర్" అని. ఆ గొంతులో ఉండేది చావాలనే కోరిక కాదండీ. ఇది తెర మీద ఎందుకు రాదు? 1981లో అప్పటి పశ్చిమ జర్మనీ టీవీలో ఒక విద్యార్థి ప్రాణం తీసుకోవడం గురించి ఆరు భాగాల సీరియల్ వచ్చింది, ఆలోచింపజేయాలనే తీశారు. అది ప్రసారమైన సమయంలో 15 నుంచి 19 ఏళ్ల మగపిల్లల్లో అదే పద్ధతిలో ఆత్మహత్యలు 175 శాతం పెరిగాయని తర్వాత పరిశోధకులు లెక్క తేల్చారు, మరుసటి ఏడాది మళ్లీ వేస్తే మళ్లీ పెరిగాయి. మంచి ఉద్దేశంతో తీసినా సరిపోదు, ఏం చూపించాం, ఎంతసేపు చూపించాం, ఎవరి కళ్లతో చూపించాం అనేదే లెక్క. 2017లో వచ్చిన ఒక వెబ్ సిరీస్‌లో అలాంటి సీన్‌ని ఎంతమంది డాక్టర్లు మొత్తుకున్నా ఉంచి, రెండేళ్ల తర్వాత 2019 జులైలో తీసేశారు. ఆ రెండేళ్లలో ఎంతమంది పిల్లలు ఆ సీన్ చూసి ఉంటారు! అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా, టీవీ, నాటకాల వాళ్ల కోసమే ఒక చిన్న పుస్తకం వేసింది, పద్ధతి చూపించొద్దు, సాయం దొరికే దారి చూపించండి, కష్టాన్ని దాటి వచ్చిన మనిషిని చూపించండి అని.

ఇది మీ పేపర్ వాళ్లకి కూడా వర్తిస్తుంది సర్, నేను నొప్పించాలని అనట్లేదు. వియన్నాలో 1980ల్లో మెట్రో ఆత్మహత్యల వార్తలు పెద్ద పెద్ద హెడ్డింగులతో వేసేవాళ్లు, 1987లో పేపర్లు ఆ పద్ధతి మార్చుకున్నాక మెట్రోలో ఆత్మహత్యలు 75 శాతానికి పైగా తగ్గాయి. 2010లో ఆస్ట్రియాలోనే ఇంకో అధ్యయనం వచ్చింది, అలాంటి ఆలోచన వచ్చి కూడా దాన్ని దాటి బయటపడ్డ మనుషుల గురించి పత్రికలు రాసిన చోట ఆత్మహత్యలు తగ్గినట్టు కనపడింది. పేపర్ అక్షరానికే అంత బలం ఉంటే, బొమ్మ, సంగీతం, అభిమాన నటుడి మొహం కలిసిన దానికి ఎంత ఉంటుంది.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నా. మీ సినిమా పేజీలో రివ్యూలు క్రమం తప్పకుండా చదువుతా, కథ ఎలా ఉంది, పాటలు ఎలా ఉన్నాయి, సెకండాఫ్ సాగదీశారా, కలెక్షన్లు ఎంత, ఎన్ని స్టార్లు, అన్నీ ఉంటాయి. వాటి కిందే ఒక్క రెండు లైన్లు, ఈ సినిమాలో జబ్బుని, చావుని, ఆత్మహత్యని, ఆస్పత్రిని ఎలా చూపించారు, అందులో నమ్మదగింది ఏది, నమ్మకూడనిది ఏది అని ఎవరైనా డాక్టర్‌నో నర్సునో అడిగి వేయండి. సీరియళ్లకి అసలు రివ్యూలే ఉండవు, రోజూ కోట్లమంది చూసేది వాటినే కదా, వాటి గురించి నెలకి ఒక్కసారైనా ఎవరో ఒకరితో రాయించండి. రచయితలకి, డైరెక్టర్లకి నేను చెప్పేది కూడా కష్టమైన పనేం కాదు, అనుమతి తీసుకుని ఒక్క నైట్ డ్యూటీ మాతో ఉండండి. రెండు గంటలకోసారి ఇద్దరం కలిసి పేషెంట్‌ని పక్కకి తిప్పి వీపు తుడిచి పుండ్లు పడ్డాయేమో చూసుకోవడం చూడండి, తెల్లవారుజామున నాలుగింటికి వెయిటింగ్ హాల్లో కుర్చీల మధ్య నేల మీద పడుకున్న మనుషుల్ని చూడండి, ఎవరి పేరు పిలుస్తామో అని నిద్రలో కూడా చెవులు తలుపు వైపే ఉంటాయి వాళ్లకి. మీకు కావాల్సిన కథలు అక్కడున్నాయి.

పోయిన నెలలో మా దగ్గర ఒక పెద్దాయన పోయారు. నాలుగు రోజుల తర్వాత కాగితాల కోసం వాళ్లబ్బాయి వచ్చాడు, ముప్పై అయిదేళ్లు ఉంటాయి, పనైపోయాక కూడా వెళ్లకుండా నా డ్యూటీ అయ్యేదాకా బయట నిలబడ్డాడు. నేను వెళ్తుంటే "సిస్టర్, గీత అలా అయిపోయినప్పుడు షాక్ ఎందుకు ఇవ్వలేదు, ఇచ్చుంటే నాన్న ఉండేవారా" అని అడిగాడు, కోపంగా కాదు, నాలుగు రోజులుగా నిద్ర లేని మొహంతో. నేను బ్యాగ్‌లోంచి ఒక మందుల చీటీ తీసి వెనక వైపు రెండు గీతలు గీశా, ఒకటి వంకరటింకరగా, ఒకటి తిన్నగా, ఏ గీతకి ఏం చేస్తామో, వాళ్ల నాన్నకి ఏ గీత వచ్చిందో, ఎంతసేపు నొక్కామో, ఎవరెవరం నొక్కామో అంతా చెప్పా. చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని "అమ్మకి చూపిస్తా సిస్టర్" అని వెళ్లిపోయాడు.

ఇట్లు,
ఒక ఐసీయూ నర్సు